ఏడో ఇంటి తర్వాత

ఖతీఫ్ చేపల బజారులో అమ్మకాలు ముగిసి, ఐసు పెట్టెలు కడిగి బోర్లించే వేళకి పిల్లులు చేరతాయి. సౌదీ అరేబియా తూర్పు తీరాన, ఖర్జూర తోటలకీ సముద్రానికీ నడుమ ఉన్న పాత ఊరు ఖతీఫ్. చేపల వ్యాపారానికి గల్ఫ్ తీరమంతటా పేరున్న చోటు. సాఫీ, హమూర్, మన వంజరాన్ని అక్కడ పిలిచే కనాద్, రొయ్యలు అన్నీ బుట్టలకెక్కి వెళ్ళిపోయాక తలలూ తోకలూ ఒక మూల మిగులుతాయి. గల్ఫ్ అరబీలో పిల్లిని గత్వ అంటారు. గత్వలు దొరికినదాన్ని దొరికినచోటే తినేస్తాయి. వాటిలో ఒకటి మాత్రం చేప తలని నోట కరుచుకుని, తినకుండా, గోడ వారగా నడిచిపోయిందంటే దాని సంగతి తెలిసినవాళ్ళు ఇట్టే చెప్పేస్తారు. ఎక్కడో దానికి కూనలున్నాయి. వాటికి నాలుగు వారాలు నిండాయి.

అంతకు ముందు అదే నోటితో అది కూనల్ని మోసింది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందని తెలుగువాళ్ళు అంటారు. అద్దె ఇళ్ళు మారే సంసారానికీ, ఉద్యోగం కోసం ఊళ్ళు పట్టుకు తిరిగేవాడికీ ఆ సామెతే వాడతారు. జగిత్యాల, నిజామాబాద్, కడప, గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కి వెళ్ళి, దమ్మాంలో ఒక క్యాంపు, జుబైల్‌లో ఒక క్యాంపు, ఖతీఫ్‌లో మరొకటి మారినవాళ్ళకి ఆ సామెత అర్థం ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. అయితే సామెత ఏడో ఇంటి దగ్గరే ఆగిపోతుంది. ఏడో ఇంట్లో కూనని దించాక తల్లి ఏం చేస్తుందో చెప్పదు.

దక్షిణ భారతంలో ఒక పెద్ద వేదాంత చర్చ కూడా సరిగ్గా అక్కడే ఆగింది.

రామానుజుల తర్వాత శ్రీవైష్ణవం కాలక్రమంలో రెండు శాఖలైంది. శరణు అన్న జీవుణ్ణి భగవంతుడు కాపాడతాడన్నది రెండు శాఖలకీ సమ్మతమే. ఆ కాపాడటంలో జీవుడి వంతు ఏమైనా ఉందా అన్న దగ్గర దారులు చీలాయి. వేదాంత దేశికుల (1268–1369) బాటలో నడిచిన వడకలై వారు, ఎంత చిన్నదైనా జీవుడి వైపు నుంచి ఒక ప్రయత్నం, కృపకి ఒక నెపం కావాలన్నారు. పిళ్ళై లోకాచార్యుల బాటలో నడిచిన తెన్‌కలై వారు, కృపకి కారణం వెతకడమే తప్పన్నారు. మనం ఏదో చేశాం కాబట్టి దక్కింది అనుకుంటే దాన్ని కృప అని ఎందుకు పిలవాలన్నది వాళ్ళ ప్రశ్న. వాదం పండితుల చేతుల్లోంచి జనం నోళ్ళలోకి వచ్చేసరికి రెండు జంతువులు తోడయ్యాయి. కోతిపిల్ల తల్లి పొట్టని తానే గట్టిగా పట్టుకుని వేలాడుతుంది. అది మర్కట కిశోర న్యాయం. పిల్లికూన ఏమీ చేయదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. అది మార్జాల కిశోర న్యాయం. వంగదేశంలో రామకృష్ణ పరమహంస కూడా భక్తులకి ఈ రెండు పిల్లల్నీ చూపించే చెప్పేవారు. ఆయన మనసు పిల్లికూన వైపే మొగ్గేది. తల్లి వంటింట్లో పెట్టినా, బూడిదలో పెట్టినా, పరుపు మీద పెట్టినా కూనకి తెలిసింది మ్యావుమనడం ఒక్కటే.

ఇంత అందమైన ఉపమానం అరుదు. దానికి ఆధారమైన పరిశీలన కూడా నిజమైనదే. పుట్టినప్పుడు పిల్లికూన బరువు సుమారు వంద గ్రాములు. కళ్ళు మూతపడి ఉంటాయి, చెవులు వినవు. కళ్ళు తెరవడానికి వారం పది రోజులు పడుతుంది. మొదటి మూడు వారాలు తల్లి నాకితే తప్ప మూత్రం కూడా సరిగా పోయలేదు. ఒంటి వేడిని కాపాడుకోవడం దానికి చేతకాదు. తల్లి మెడ వెనక చర్మాన్ని పట్టి ఎత్తగానే కాళ్ళు ముడుచుకుని, కదలకుండా, మెత్తటి గుడ్డలా వేలాడుతుంది. ఆ కదలకపోవడం కూడా అది నేర్చుకున్నది కాదు, పుట్టుకతో వచ్చింది. శరణాగతికి ఇంతకన్నా మంచి బొమ్మని ఎవరు గీయగలరు?

కాకపోతే ఆ బొమ్మ నాలుగు వారాల వయసు వరకే నిజం.

ఆ తర్వాత అదే తల్లిపిల్లిని గమనిస్తే వేరే దృశ్యం కనిపిస్తుంది. మొదట్లో తానే కూనల దగ్గరికి వెళ్ళి పక్కకి వాలి పాలిచ్చేది. కూనలు కాస్త పెరిగాక అవే తల్లిని వెతుక్కుంటూ వచ్చేవి. ఇప్పుడు అవి పరుగున వస్తే తల్లి పొట్టని నేలకి ఆనించి పడుకుంటుంది. కూన తల దూర్చబోతే లేచి వెళ్ళిపోతుంది. అవి ఎక్కలేని గోడ మీదకి ఎక్కి కూర్చుంటుంది. మరీ వెంటపడితే పంజాతో తోస్తుంది. కూన నాలుగో వారం మొదలు ఎనిమిదో వారం దాకా ఈ పాలు మాన్పించే వ్యవహారం నడుస్తుంది. కూనల అరుపులు వింటే ఎవరికైనా జాలి కలుగుతుంది. 1974లో జీవశాస్త్రవేత్త రాబర్ట్ ట్రివర్స్ దీన్ని తల్లీబిడ్డల నడుమ సంఘర్షణగా వివరించాడు. బిడ్డ ఇంకా కావాలంటుంది. తల్లి ఒంట్లోని శక్తి రాబోయే బిడ్డలకీ మిగలాలి. ఇద్దరి లెక్కలూ ఒకచోట కలవవు.

మార్జాల న్యాయాన్ని నమ్మిన భక్తుడికి ఇక్కడ గట్టి చిక్కే వస్తుంది. భగవంతుడు తల్లిపిల్లి అయితే, పాలకి వెళ్ళినప్పుడు పొట్ట దాచుకునే ఆ తల్లి ఎవరు? ఎంత మొక్కినా పలకని దేవుడి గురించి, కష్టంలో కనిపించని దేవుడి గురించి మనుషులు అడిగే ప్రశ్న అదే కదా. మొదట్లో పిలవకుండానే వచ్చావు, ఇప్పుడు పిలిచినా రావేం?

ఈ ప్రశ్నకి ఖతీఫ్‌లో ఒక జవాబు దొరుకుతుంది. అది ఆ ఊరి భాషలోనే ఉంది. అరబీలో పాలు మాన్పించడాన్ని ఫితామ్ అంటారు. ఫాతిమా అన్న పేరు పుట్టింది ఆ ధాతువు నుంచే. ఖతీఫ్ వాసుల్లో అత్యధికులు షియాలు. ప్రవక్త కూతురు ఫాతిమా పేరు అక్కడ ప్రతి గడపలోనూ వినిపిస్తుంది. ఆమెకి ఆ పేరెందుకు వచ్చిందో షియా సంప్రదాయం ఇలా చెబుతుంది: ఆమెనీ, ఆమెని ప్రేమించేవారినీ దేవుడు నరకాగ్ని నుంచి పాలు మాన్పించినట్టు విడదీశాడు. మాన్పించడమే అక్కడ కరుణకి పేరైంది. తల్లి పాలకి దూరం చేసే క్రియ నుంచి పుట్టిన మాటే ఆ సమాజంలో అత్యంత ప్రేమాస్పదమైన స్త్రీ నామం. 13వ శతాబ్దపు కవి అల్ బుసీరీ తన బుర్దా కావ్యంలో మనిషి మనసుని, మాన్పిస్తేనే పాలు మానే పసిబిడ్డతో పోల్చాడు. ఆ కావ్యాన్ని ఇప్పటికీ ముస్లిం లోకంలో ఎన్నో చోట్ల గానం చేస్తారు.

ఖురాన్ రెండో అధ్యాయం 233వ వాక్యంలో ఈ విషయం మీద మరింత స్పష్టమైన మాట ఉంది. పూర్తిగా పాలివ్వదలచినవారికి గడువు నిండు రెండేళ్ళు. అంతకు ముందే మాన్పించాలనుకుంటే తల్లిదండ్రులిద్దరూ ఒకరి మాట ఒకరు విని, సంప్రదించుకుని, సమ్మతితో చేయాలి. తండ్రి తల్లికి తిండీ బట్టా సమకూర్చాలన్న బాధ్యత కూడా ఆ వాక్యంలోనే ఉంది. పసిబిడ్డ పాలు మానే ఒక ఇంటి విషయానికి మతగ్రంథం సంప్రదింపు అన్న పద్ధతిని విధించింది. మాన్పించడం ఒకరి విసుగు మీదా, ఒకరి తొందర మీదా ఆధారపడకూడదన్న జాగ్రత్త అందులో కనిపిస్తుంది.

ఆ రెండేళ్ళన్న లెక్క గల్ఫ్‌లో ఉన్న తెలుగువాళ్ళకి మరోలా తగులుతుంది. అక్కడి ఒప్పందాలు మామూలుగా రెండేళ్ళవి. బిడ్డ పుట్టిన నెలలోనే విమానమెక్కిన తండ్రి తొలి సెలవుకి ఇంటికొచ్చేసరికి ఆ బిడ్డ పాలు మానేసి కంచంలో అన్నం కలుపుకుంటూ ఉంటుంది. ఆరో నెల అన్నప్రాశన ఫోన్ తెరమీద చూసి ఉంటాడు. పాయసం, బంగారపు ఉంగరం, పుస్తకం, కలం, ముందుకి పాకే పసిపాప. మన సంప్రదాయంలో పాలు మాన్పించడానికి వేరే పండుగ లేదు, అన్నం మొదలుపెట్టడానికి మాత్రం ఉంది. ఒకటి తీసేసే ముందు మరొకటి చేతికందించాలన్న వివేకం ఆ వరుసలోనే ఉంది.

మరి తల్లిపిల్లి చేతికందించేది ఏమిటి?

ఇక్కడే బజారులోంచి చేప తలని మోసుకెళ్ళిన గత్వ దగ్గరికి మళ్ళీ రావాలి. పాలు తగ్గించడం, తిండి తేవడం దాని విషయంలో రెండు పనులు కావు. కూనలకి నాలుగో వారంలో చిన్న చిన్న పాలపళ్ళు కనిపిస్తాయి. ఆరేడు వారాలకి ఇరవై ఆరూ పూర్తవుతాయి. పొదుగుకి ఆ పళ్ళు గుచ్చుకోవడం మొదలైన రోజుల్లోనే తల్లి చచ్చిన ఎలుకనో పిట్టనో చేప ముక్కనో తెచ్చి కూనల ముందు పడేస్తుంది. మొదట్లో తానే వాటి ఎదుట తిని చూపిస్తుంది. తర్వాత తెచ్చి పెట్టి ఒక ప్రత్యేకమైన గొంతుతో పిలుస్తుంది. ఆ తర్వాత కొనఊపిరితో ఉన్నదాన్ని తెస్తుంది, చివరికి ప్రాణమున్నదాన్నే. తెలుగు తల్లి చందమామని చూపిస్తూ గోరుముద్ద పెట్టి, కొన్నాళ్ళకి ముద్ద చేసి చేతిలో పెట్టి, మరి కొన్నాళ్ళకి కంచాన్ని ముందుకి జరిపినట్టే, దాని పాఠంలోనూ మెట్లున్నాయి.

కూన ఆ పాఠాన్ని ఎంత నమ్మకంతో అందుకుంటుందో రెండు ప్రయోగాలు చూపించాయి. 1930లో చైనా శాస్త్రవేత్త కువో జింగ్ యాంగ్, ఎలుకల్ని చంపే తల్లుల దగ్గర పెరిగిన 21 కూనల్లో 18 తామూ ఎలుకల్ని చంపాయని చూపించాడు. ఒంటరిగా పెంచిన 20 కూనల్లో చంపినవి 9. చిన్నప్పట్నుంచి ఎలుకలతో కలిపి పెంచిన 18లో చంపినవి మూడే. 1978లో వాండా విర్వికా చేసిన ప్రయోగం ఇంకా వింతైనది. మెదడులో స్వల్ప విద్యుత్ ప్రేరణతో ఆమె తల్లిపిల్లుల చేత అరటిపండు తినిపించింది. పక్కనే మాంసం గుళికలున్నా, వాటి కూనలు తల్లిని చూసి అరటిపండే తిన్నాయి. తల్లి లేనప్పుడు కూడా దాన్ని తింటూ వచ్చాయి. పుట్టుకతోనే మాంసాహారి అయిన జంతువు, తిండి అంటే ఏమిటన్న ప్రశ్నకి తల్లి ముఖంలో జవాబు వెతుక్కుంది.

వడకలై, తెన్‌కలై వాదాన్ని ఈ వెలుగులో చూస్తే, రెండు పక్షాలూ ఒకే తల్లిని రెండు వేర్వేరు రోజుల్లో చూశారనిపిస్తుంది. మొదటి వారంలో కూన చేసేది ఏమీ లేదు. అప్పుడు లోకాచార్యుల మాట అక్షరాలా నిజం. ఆరో వారంలో కూన నోరు తెరవాలి, కొరకాలి, నమలాలి. ఆ పని తల్లి చేసిపెట్టలేదు. అప్పుడు దేశికుల మాట నిజం. అయితే ఆరో వారం నాటి కూన ప్రయత్నం ఎక్కడినుంచి వచ్చింది? ఆ పళ్ళు తల్లి పాలతో పెరిగినవి. ఆ ఆకలికి దారి చూపింది తల్లి. ముందున్న ముక్కని తెచ్చిందీ తల్లే. జీవుడి ప్రయత్నమూ కృపలోంచి పుట్టిందేనని ఒప్పుకోవడానికి దాని మెడ తల్లి నోట్లో ఉండనక్కర్లేదు.

లోకాచార్యుల జీవితంలోనే దీనికి ఒక సాక్ష్యం ఉంది. ఓరుగల్లు కోట పడిన 1323లోనే ఢిల్లీ సైన్యం శ్రీరంగం మీదకీ వచ్చింది. అప్పటికి లోకాచార్యులు ఎంతో వృద్ధులని గురుపరంపర కథలు చెబుతాయి. జీవుడు ఏమీ చేయనక్కర్లేదు, భగవంతుడే మోస్తాడని బోధించిన ఆ పెద్దాయన, రంగనాథుడి ఉత్సవమూర్తిని వెంటబెట్టుకుని శిష్యులతో కలిసి అడవిదారిన దక్షిణానికి నడిచారు. మదురై దగ్గర జ్యోతిష్కుడిలో తనువు చాలించారు. ఆ విగ్రహం ఊళ్ళు మారి మారి తిరుమల చేరింది. అది తలదాచుకున్న చోటే శ్రీవారి ఆలయంలోని రంగనాయకుల మండపం. తిరుమల వెళ్ళిన తెలుగువాళ్ళు దాని పక్కనుంచే నడుస్తారు. 1371లో గాని రంగనాథుడు తిరిగి శ్రీరంగం చేరలేదు. తాను మోయబడుతున్నానని నిండుగా నమ్మినవాడే, అవసరమైన రోజున దేవుణ్ణి తాను మోశాడు. ఆయన సిద్ధాంతానికీ ఆయన నడకకీ మధ్య వైరుధ్యం ఏమీ కనబడదు. ఆయన పాలు మానిన కూన.

ఇంతవరకూ చెప్పింది తీయగా ఉంది. కానీ ఇక్కడే ఒక ప్రమాదమూ ఉంది. వదిలేసిన ప్రతివాడూ నీ మంచికే వదిలానని చెప్పుకోగలడు. కష్టంలో ఉన్నవాడితో దేవుడు నీకు నడక నేర్పుతున్నాడని తేలిగ్గా అనేయవచ్చు. ఖతీఫ్ వేసవిలో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. తల్లి లారీ కింద పడి చనిపోతే, రెండు వారాల కూనలు ఏసీ యంత్రం కింద కారే నీళ్ళ పక్కన ఒక్క రోజులో వాడిపోతాయి. వాటి మరణానికి పాలు మాన్పించడం అన్న పేరు పెట్టడం అన్యాయం. మాన్పించడానికీ వదిలేయడానికీ తేడా ఎలా తెలుస్తుందో చెప్పలేని వేదాంతం బాధపడేవాడికి పనికిరాదు.

తల్లిపిల్లిని చూస్తే ఆ తేడా మూడు గుర్తుల్లో తెలుస్తుంది. కూనకి పళ్ళు వచ్చాకే అది మాన్పిస్తుంది. పాలు తీసేసే చోట మరో తిండి తెచ్చిపెడుతుంది. పిలిస్తే వినపడే దూరంలో తాను ఉంటుంది. ఈ మూడింటిలో ఏది లేకపోయినా అది ఫితామ్ కాదు.

పిల్లి గురించి ఇస్లాంలో అందరికీ తెలిసిన హదీసు, అంటే ప్రవక్త మాటగా చెప్పుకునే కథనం, ఒకటుంది. ఇబ్న్ ఉమర్ చెప్పగా బుఖారీ సంకలనంలో చేరిన ఆ మాట ప్రకారం, ఒక స్త్రీ పిల్లిని బంధించి చంపినందుకు శిక్ష పొందింది. ఆమె దానికి తిండి పెట్టలేదు, నేల మీది పురుగూ పుట్రా ఏరుకు తినడానికి వదలనూ లేదు. ఇదే అర్థంతో ఇమామ్ జాఫర్ సాదిఖ్ పేరిట షియా గ్రంథాల్లోనూ ఒక మాట ఉంది. ఆ హదీసులో రెండు ధర్మాలు పక్కపక్కనే ఉన్నాయి. పెట్టడం ఒక ధర్మం, బతకగలిగినదాన్ని వదలడం మరొకటి. ఆమె చేసిన పాపం ఆ రెంటి మధ్యా ఉంది. పట్టుకుంది, పెట్టలేదు.

ఈ మాట జంతువుల దగ్గరే ఆగదు. వలస కార్మికుడి పాస్‌పోర్టు తన దగ్గర పెట్టుకుని జీతం ఆపేసే యజమాని చేసేది అదే పని. పాస్‌పోర్టు అలా పెట్టుకోవడం సౌదీ నిబంధనలకే విరుద్ధం. 2021 మార్చిలో అమల్లోకొచ్చిన సంస్కరణతో ప్రైవేటు రంగంలోని ఎందరో కార్మికులకి షరతుల మీద యజమానిని మార్చుకునే వీలు కలిగింది. ఇంటి పనివాళ్ళనీ డ్రైవర్లనీ మాత్రం ఆ సంస్కరణ బయటే ఉంచారు. గోదావరి, కడప జిల్లాల నుంచి వెళ్ళిన ఆడవాళ్ళలో ఎక్కువమంది చేసేది ఇంటి పనే. మరో హదీసులో, నమాజుకి ముందు శుద్ధి చేసుకునే వజూ నీళ్ళ దగ్గరికి పిల్లి వస్తే అబూ ఖతాదా అన్న సహచరుడు అది తాగడానికి వీలుగా గిన్నెని వంచి పట్టుకున్నాడు. వింతగా చూస్తున్న కోడలు కబ్షాతో, ఇవి అశుద్ధం కావు, మీ మధ్య తిరుగాడేవి అని ప్రవక్త చెప్పిన మాటని గుర్తుచేశాడు. ఆ తిరుగాడేవారు అన్న అరబీ మాటనే ఖురాన్ ఇంట్లో మసిలే పనివారికీ పిల్లలకీ వాడింది. పిల్లినీ పనివాళ్ళనీ ఒకే మాట కిందికి తెచ్చిన ఆ భాష ఇంటి యజమానికి గిన్నె వంచే బాధ్యతని గుర్తుచేస్తుంది.

చేతులతో కూనల్ని పెంచేవాళ్ళకి ఈ మూడు గుర్తులూ రోజువారీ పనిగా మారతాయి. తల్లి లేని కూన దొరికితే తెలుగు ఇంట్లో మొదట గుర్తొచ్చేది ఆవుపాల గిన్నె. పిల్లి అంటే పాలన్న లంకె మన సామెతల్లో అంత బలంగా ఉంది. నిజానికి ఆవుపాలలోని చక్కెర కూనకి సరిగా అరగదు. విరేచనాలు పట్టుకుంటాయి, గల్ఫ్ ఎండలో ఆ నీరసం ప్రాణం తీస్తుంది. కూనల కోసమే తయారయ్యే పాలపొడి వేరే ఉంది. నాలుగో వారంలో ఆ పాలలోనే కూనలకి పెట్టే మెత్తటి మాంసాహారం కలిపి పల్చటి జావ చేస్తారు. గోరువెచ్చగా వేలికి రాసి పెదవికి తాకిస్తారు. తర్వాత అంచు తక్కువున్న పళ్ళెంలో పెడతారు. కూన అందులోకి నడిచి, మూతి ముంచి, తుమ్మి, కాళ్ళు నాక్కుంటూ తినడం నేర్చుకుంటుంది. రోజురోజుకీ జావ చిక్కబడుతుంది. రోజూ బరువు తూస్తారు. తగ్గితే ఒక అడుగు వెనక్కి వేసి మళ్ళీ పాలిస్తారు. తొందరపడ్డామని ఒప్పుకోవడం కూడా ఆ పెంపకంలో భాగమే.

శాకాహార కుటుంబాల్లో మరో ప్రశ్న లేస్తుంది. పిల్లికి మాంసం పెట్టడం హింస కాదా? పెరుగన్నం పెడితే సరిపోదా? సరిపోదు. పిల్లి శరీరం మాంసం మీదే నిలబడేలా తయారైంది. టారిన్ అన్న పదార్థాన్ని దాని ఒళ్ళు చాలినంత తయారుచేసుకోలేదు. అది లోపిస్తే చూపు పోతుంది. గుండె కండరం కూడా పాడవుతుందని 1987లో కాలిఫోర్నియాలో పాల్ పియన్ బృందం తేల్చింది. ఖతీఫ్‌లో సులువుగా దొరుకుతుందని పచ్చి చేపే రోజూ పెట్టినా ఇబ్బందే. కొన్ని పచ్చి చేపల్లోని పదార్థం బి1 విటమిన్‌ని నాశనం చేస్తుంది. మన వ్రతాన్ని పిల్లి చేత చేయించడంలో అహింస లేదు. నూరు ఎలుకల్ని తిన్న పిల్లి కాశీకి వెళ్ళిందని నవ్వుకునే మనం, తినాల్సిన తిండి దానికి లేకుండా చేసి పుణ్యం మూటగట్టుకోలేం. ఎదుటి ప్రాణికి దాని ధర్మం ప్రకారం బతికే వీలు కల్పించడం, మన ఇష్టాన్ని దాని నోట్లో కుక్కడం కన్నా చాలా కష్టమైన సాధన.

తెనాలి రామకృష్ణుడి పిల్లి కథ తెలుగు పిల్లలందరికీ తెలుసు. రాయలవారు పెంచమని ఇచ్చిన పిల్లికి అతను మొదటి రోజే మరిగే పాలు పెట్టాడు. మూతి కాలిన పిల్లి ఇక పాలగిన్నెని చూస్తేనే పరుగు తీసేది. చిన్నప్పుడు అందరం నవ్వుకున్నాం. పెద్దయ్యాక చదివితే ఆ పిల్లి పాలు మానలేదనీ, భయపడిందనీ తెలుస్తుంది. దేవుడి పేరు చెప్పి భయపెట్టి మాన్పించే అలవాట్లు, నరకం చూపించి నేర్పే భక్తి ఆ కాలిన మూతి లాంటివే. మన ఊళ్ళలో బిడ్డకి పాలు మాన్పించడానికి తల్లులు రొమ్ముకి వేపాకు ముద్ద రాసుకుంటారు. చేదు తగిలిన బిడ్డ ఏడుస్తూ తల్లి ఒళ్ళోనే పడుకుంటుంది. చేదు ఇచ్చిందీ, ఒడి ఇచ్చిందీ ఒకే మనిషి. ఆ ఒడి ఉన్నందువల్లే వేపాకు చేదుని మరిగే పాలతో ఒక గాటన కట్టలేం.

సౌదీలో గుళ్ళు లేవు. ఖతీఫ్ గదుల్లో ఉండే హిందూ కార్మికుడి పూజ బీరువా తలుపు లోపల అతికించిన వేంకటేశ్వరుడి పటం ముందు, గొంతు పెంచకుండా జరిగిపోతుంది. గంట లేదు, హారతి లేదు, ప్రసాదం పంచే పూజారి లేడు. ఊళ్ళో ఉన్నప్పుడు భక్తిని గుడి, పండుగ, బంధువులు మోసేవారు. ఇక్కడ అది తన కాళ్ళ మీద తాను నిలబడాలి. కొందరికి ఆ ఒంటరితనంలో నమ్మకం గట్టిపడుతుంది, కొందరికి సడలిపోతుంది. సడలినవాళ్ళని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. వాళ్ళకి పళ్ళు వచ్చాకే పాలు ఆగాయో, అంతకు ముందే ఆగాయో బయటి నుంచి ఎవరు చెప్పగలరు? పక్క మంచం మీది మనిషి శుక్రవారం సెలవుపూట వండిన చారులో కాస్త వాళ్ళ గిన్నెలో పోస్తే మాత్రం, తల్లి వినపడే దూరంలోనే ఉన్నట్టు వాళ్ళకి అనిపించవచ్చు.

బజారు వెనక సందులో పొద్దు వాలుతుంది. గోడ మీద బల్లి ఒకటి లైటు చుట్టూ చేరే పురుగుల కోసం కాపేసి ఉంటుంది. గత్వ దాన్ని పట్టి, చంపకుండా తెచ్చి కూనల మధ్య వదులుతుంది. ఒక కూన వెనక్కి గెంతుతుంది. ఇంకొకటి పంజా విసిరి గురి తప్పుతుంది. బల్లి తోక తెంపుకుని గోడ వైపు పరుగు తీస్తుంది. తల్లి లేచి వెళ్ళి, దాన్ని కాలితో నొక్కి పట్టి, మళ్ళీ కూనల ముందుకి తెచ్చి వదిలి, నాలుగడుగులు పక్కకి జరిగి కూర్చుంటుంది.